నూనె పెట్టే వేళ

వరద నీళ్లు మందుల గోడౌను కిటికీ చువ్వల దాకా ఎక్కిన ఏడాది అది. అంతకుముందూ వరదలు వచ్చాయి, గుమ్మం తడిపి వెళ్లిపోయాయి. ఈ వరద మాత్రం మొహమాటం లేని చుట్టంలా లోపలికొచ్చి కూర్చుంది. పోతూ పోతూ, ఏ మందు ఏ అరలో ఎంత ఉందో రాసిపెట్టిన అట్టకార్డులన్నీ నానబెట్టి మరీ పోయింది. మందులను మనుషులు నెత్తిన పెట్టుకుని పై అంతస్తుకి చేర్చారు కాబట్టి అవి బతికాయి. కార్డులు కిందే ఉండిపోయి మునిగాయి. ఒళ్లు మిగిలి కళ్లు పోయినట్టయింది గోడౌనుకి.

అప్పుడు పిలిపించారు ముత్యాలయ్యని. అది అతని పేరు కాదు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉంటాడని ఎవరో సరదాకి అన్నారు, అదే అతుక్కుపోయింది. అతని పని కంప్యూటరుకి ప్రోగ్రాం రాయడం. వయసు అరవైకి దగ్గరపడింది. కొత్త రకం ప్రోగ్రాములు కొత్తవాళ్లు రాస్తున్నారు. అతనికి వచ్చింది పాతది ఒక్కటే, కానీ దాన్ని మాత్రం సొంత ఇల్లులా ఎరుగును.

అది ఎలాంటిదంటే, వడ్రంగి తన కొట్లోనే బల్ల చేసి, ఆ కొట్లోనే పేర్చి, ఆ కొట్లోనే అమ్ముకుంటాడే, అలాంటిది. ప్రోగ్రాం రాసేదీ అందులోనే, లెక్కలు దాచేదీ అందులోనే, వెతికేదీ అందులోనే. నల్లటి తెర, తెర మీద ఒక చుక్క. చుక్క పక్కన కమాండు కొడితే ఆ పని చేసి పెడుతుంది. ఫలానా మందు చూపించు అంటే చూపిస్తుంది. గడువు తీరినవి ఏరు అంటే ఏరుతుంది. మామూలుగా ప్రోగ్రాం రాసేవాళ్లు ఆ చుక్కని టైపు చేసేవాళ్లకి కనపడనివ్వరు. ముత్యాలయ్య మాత్రం తెరిచి వదిలాడు. వాళ్లకీ బుర్రలున్నాయి, వెతుక్కోవాల్సింది వాళ్లే వెతుక్కుంటారు అనుకున్నాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అతను ఏ మాటా ఎవరితోనూ అనడు.

పై అంతస్తులో పొడుగాటి గదిలో పని. గోడ నుంచి గోడకి తాళ్లు కట్టి, క్లిప్పులు పెట్టి, తడి కార్డులు ఆరేశారు. కింద వరసగా మూడు కంప్యూటర్లు, ఆరిన కార్డులు చూసి వాటిలోకి టైపు కొట్టే ముగ్గురు ఆడవాళ్లు. మూలన నాలుగోది, ఫైళ్లన్నీ దాచేది, దుప్పటి కప్పుకున్న ముసలమ్మలా గుయ్‌మంటూ ఉంటుంది. గదికి వెనక ఒక తలుపు. తీస్తే ఇనప మెట్లు, మెట్లు దిగితే సందు. ఆ తలుపు వరదలో ఉబ్బి, బందులు తుప్పు పట్టి, తీసినప్పుడల్లా పీక నొక్కిన కోడిలా అరిచేది.

ముగ్గురిలో పెద్దావిడని అందరూ పెద్దక్క అనేవాళ్లు. రెండో అమ్మాయి వసపిట్ట. ఆ నోట్లో నువ్వుగింజ నానదు, అద్దం ముందు నిలబెడితే అద్దంతోనైనా మాట కలుపుతుంది. మూడో అమ్మాయి పిల్లతల్లి. తొలి కాన్పు అయి ఎన్నాళ్లో కాలేదు. వరదలో మొగుడి కొట్టు కొట్టుకుపోయింది. సందుకి అవతలే చిన్న గది అద్దెకి తీసుకుని, బిడ్డని అత్తగారికి అప్పజెప్పి, పచ్చి ఒంటితో వచ్చి కుర్చీలో కూర్చుంది.

వాళ్ల మీద సూపర్‌వైజరు. ఆయన్ని చాటుగా గడియారం అనేవాళ్లు. ఆయన రూలు ఒకటే. "కుర్చీ ఖాళీ చేస్తే కుర్చీ పోయినట్టే. బయట గేటు దగ్గర ఎంతమంది నిలబడ్డారో చూశారుగా." అది బెదిరింపు కాదు, నిజమే. వరద పోయాక పనుల కోసం జనం గేటు పట్టుకుని వేలాడేవాళ్లు. ఆయన కుర్చీ కోసం కూడా ఎవడో ఒకడు వేలాడుతూనే ఉండి ఉంటాడు.

కొన్నాళ్లు పని నల్లేరు మీద బండిలా సాగింది. తర్వాత ప్రోగ్రాం పడిపోవడం మొదలైంది.

పడిపోవడమంటే మామూలుగా కాదు. ముగ్గురూ కొడుతూ ఉండగా మూడు తెరలూ ఒక్కసారి నల్లబడి, చుక్కతో సహా మాయమయ్యేవి. దూలం లాగేసిన ఇల్లులా మొత్తం కూలేది. మళ్లీ నిలబెట్టాలంటే ఇండెక్సులన్నీ కొత్తగా కట్టాలి. ఏ కార్డు ఎక్కడుందో చెప్పే వరస అది, అది లేకపోతే ఫైలంతా దారి తెలియని ఊరే. మూలనున్న ముసలమ్మ ఆ వరస కట్టుకునేసరికి టీ తాగి, గ్లాసు కడిగి, ఇంకో కబురు చెప్పుకునేంత సేపు పట్టేది.

ముత్యాలయ్య వైర్లు చూశాడు. కరెంటు చూశాడు. ఎలకలు కొరికాయేమోనని నేల మీద పడుకుని మరీ చూశాడు.

"బాబాయ్ గారూ, ఎలక దొరికితే చెప్పండి, మా ఇంట్లో దానికి సంబంధం ఉంది," అంది వసపిట్ట.

అతను నవ్వలేదు. రాసిన ప్రోగ్రామంతా మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నాడు. తప్పు దొరకలేదు. కన్నబిడ్డకి మూర్ఛ వస్తుంటే ఎందుకో తెలియని తండ్రిలా అయిపోయాడు.

అలా ఉండగా గోరుచుట్టు మీద రోకటిపోటు. దిగువ ఆస్పత్రి నుంచి బండి వచ్చింది, పాము కాటు మందు కావాలని. వరద తర్వాత పాములన్నీ మెట్టకి, ఇళ్లలోకి ఎక్కాయి. తెర మీద వెతికితే ఆ మందు లేదంది. డ్రైవరు తల కొట్టుకుని, బండి వెనక్కి తిప్పుతున్నాడు. గడియారం పరుగెత్తుకుంటూ వెళ్లి బండికి అడ్డం నిలబడ్డాడు.

"లేకపోవడమేంటయ్యా! ఆ పెట్టెలు నా నెత్తి మీద మోశాను! మెడ ఇప్పటికీ తిరగట్లేదు!"

పై అరలోనే ఉన్నాయి పెట్టెలు. కాటు తిన్న మనిషి బతికాడని తర్వాత కబురు వచ్చింది. కానీ కార్డు కొట్టిన మాట నిజం. ఫైల్లో లేకుండా పోయిన మాటా నిజం. ప్రోగ్రాం పడిపోయినప్పుడల్లా, సగం రాస్తున్న కార్డులు చేతిలో గ్లాసులు జారినట్టు జారిపోతున్నాయి. ఇంకా ఎన్ని జారాయో ఎవరికీ తెలియదు.

మేనేజరు పిలిపించాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ బండి సంగతి విన్నప్పటి నుంచి ఆయనకి నిద్ర లేదు.

"చూడండి, మీ మీద గౌరవం ఉంది. కానీ రేపు మధ్యాహ్నం లోగా ఇది ఎందుకు పడుతోందో చెప్పాలి, ఆపాలి. లేదంటే తీసేసి బయట కంపెనీది పెట్టిస్తాను. వాళ్ల ప్రోగ్రాం, వాళ్ల మనుషులు. మీతో పాటు పైన ఉన్న ముగ్గురూ కూడా వెళ్లాల్సి వస్తుంది."

ముత్యాలయ్య తల ఊపాడు. పైకి వెళ్లి, ముగ్గురి వెనకా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నోట్లో నీళ్లు పోసుకున్నట్టు కూర్చున్నాడు. వసపిట్ట మూడుసార్లు కదిపి చూసింది, గోడని కదిపినట్టే ఉంది. చివరికి ఆ పిల్ల కూడా నోరు మూసుకుంది. కీబోర్డుల చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు.

పొద్దు పైకెక్కింది. సందులోంచి బిడ్డ ఏడుపు వినిపించింది.

మొదట సన్నగా, అలిగినట్టు. తర్వాత గుక్కపట్టి. పిల్లతల్లి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. రొమ్ముకి అడ్డంగా చున్నీ లాక్కుంది. వసపిట్ట చేతులూ ఆగాయి. ఇద్దరూ పెద్దక్క వైపు చూశారు. పెద్దక్క వెనక్కి తిరిగి ముత్యాలయ్యని చూసింది. ఒక్క క్షణం చూసింది. మళ్లీ తిరిగి, చుక్క పక్కన ఏదో ఒక వరస, తడబడకుండా, చేయి తిరిగిన దానిలా కొట్టింది.

మూడు తెరలూ నల్లబడ్డాయి.

"పడింది! మళ్లీ పడింది!" గడియారం గావుకేక పెట్టి, మేనేజరుకి చెప్పడానికి కిందికి పరుగెత్తాడు. వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది, అయినా అరిచింది. ఆ అరుపుకి పిల్లతల్లి దొంగలా ముడుచుకుపోయి, మెట్లు దిగి వెళ్లిపోయింది. కాసేపటికి సందులో ఏడుపు ఆగింది.

ముత్యాలయ్య స్టూలు మీద నుంచి లేవలేదు.

"ఏం కొట్టావమ్మా?"

వసపిట్ట అందుకుంది. "కొట్టడమేంటి బాబాయ్ గారూ, మేం ఎవర్ని కొట్టాం, పొద్దుటి నుంచి చీమకైనా..."

"నువ్వు ఊరుకోవే," అంది పెద్దక్క. "అన్నయ్యగారు కళ్లారా చూశారు. చెప్పేస్తాను. మొదట్లో ఒకసారి ఒకే మందు రెండు కార్డుల్లో ఉందేమోనని చూద్దామనుకున్నానండీ. ఫైలుని దానిలో అదే జత వెతుక్కోమని కమాండు ఇచ్చాను. తెలియక ఇచ్చాను. అది తనలో తాను వెతుక్కుంటూ వెతుక్కుంటూ, తోక కోసం తిరిగే కుక్కలా తిరిగి తిరిగి పడిపోయింది. మొత్తం కూలింది. భయంతో చచ్చాను. కానీ ఆ కాసేపూ ఎవరినీ కుర్చీలో కూర్చోమని ఎవరూ అనలేదు. ఈ పిల్ల పరుగెత్తుకెళ్లి పాలిచ్చి వచ్చింది."

"తర్వాత తెలిసే కొట్టావు."

"తెలిసే కొట్టాను. ఆ ఏడుపు వింటూ ఎలా కూర్చోమంటారు? పాలు కారి ఒళ్లంతా తడుస్తుంటే తెర వైపు చూసి కార్డులు కొడుతుంది ఆ పిల్ల. సూపర్‌వైజరు గారిని అడిగాం. 'ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి, నా ఉద్యోగం ఊడుతుంది' అన్నారు. ఆ కమాండు మాత్రం ఆ పిల్లని తన చేత్తో ఎప్పుడూ కొట్టనివ్వలేదు. పట్టుబడితే నేనే పట్టుబడాలని."

వసపిట్ట అన్ని రోజులూ ఆ రహస్యం దాచింది. ముత్యాలయ్యకి అన్నిటికంటే ఆ సంగతే ఆశ్చర్యమనిపించింది.

ఏమీ తెలియనట్టు లేచి వెళ్లిపోవచ్చు. కానీ చెప్పాల్సింది ఒకటి ఉంది.

"పాము మందు," అన్నాడు. "ఆ కార్డు మీరు కొట్టారు. పడినప్పుడు జారిపోయింది."

గదిలో తాళ్ల మీద కార్డులు గాలికి ఊగాయి. పెద్దక్క మొహం పాలిపోయింది.

"పడితే మళ్లీ లేస్తుంది కదా అనుకున్నాం," అంది నెమ్మదిగా. "జారిపోతాయని... అన్నయ్యగారూ, ఒట్టు, మాకు తెలియదు."

"ఆ మనిషి చచ్చిపోయుంటే?" అంది వసపిట్ట. అడిగింది ఎవరినో ఆ పిల్లకే తెలియదు. కళ్లనిండా నీళ్లు.

తలుపు మళ్లీ అరిచింది. పిల్లతల్లి వచ్చింది. ముగ్గురి మొహాలూ చూసింది. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది ఆ పిల్లకి.

"నన్ను తీసేస్తారా బాబాయ్ గారూ?"

ముత్యాలయ్య సందు వైపు తల తిప్పాడు.

"తాగాడా?" అన్నాడు.

"తాగాడండీ. నిద్రపోయాడు."

"సరే," అని లేచి, ఇండెక్సులు కట్టడానికి మూలకి వెళ్లాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చున్నాడే గాని ముద్ద దిగలేదు. భార్య చూసింది. ముప్పై ఏళ్ల కాపురం, ఆయన మౌనాల్లో ఏది ఏ రకమో ఆమెకి తెలుసు.

"ఏమండీ, ఇది కడుపు నిండిన మౌనమా, కడుపు మండిన మౌనమా?"

చెప్పాడు. ఆయన చెప్పిన తీరుకి ముప్పావు వంతు మాటలు ఆమే నింపుకోవాల్సి వచ్చింది. విన్నాక ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మేం దారం తెంపేవాళ్లం."

"ఏ దారం?"

"నూలు మిల్లులో. మన అమ్మాయి పుట్టినప్పుడు నేను మిల్లుకి వెళ్లేదాన్నిగా. దారం తెగితే నూలు వడికే ఫ్రేము ఆపాలి. ఆపితే అతికేవాడు వచ్చే దాకా చేతులు ఖాళీ. పాలు చేపుకొస్తే గడియారం చూసి ఆగుతాయా? గోటితో తెంపేసి పరుగెత్తేదాన్ని."

"నాకు చెప్పలేదే."

"మీరు ఎప్పుడైనా అడిగారా? మీ నోరు మీకు, నా గోరు నాకు."

ఆయన చిన్నగా దగ్గాడు. అది నవ్వని ఆమెకి తెలుసు.

"నూలు పాడయ్యేది కదా."

"అయ్యేది. మొత్తం అతుకులే. ఆ బట్ట కట్టుకున్నవాళ్లు మమ్మల్ని ఎంత తిట్టుకున్నారో. అప్పుడు పని మాత్రం పోకూడదు, పిల్లా ఏడవకూడదు, అదే తెలుసు. తర్వాత యంత్రాలు బాగుచేసే ఫిట్టరు ఒకాయన వచ్చాడు. ముసలాయన, మీలాగే మాటకి కరువు. ఫ్రేము దగ్గర నిలబడి రెండు రోజులు చూశాడు. మూడో రోజు బోర్డు తగిలించాడు. 'నూనె పెట్టే వేళ. ఫ్రేములు ఆపవలెను.' పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. మేస్త్రి గింజుకుంటే, 'నూనె లేకపోతే బేరింగులు పోతాయి, నీ ఇష్టం' అన్నాడట. బేరింగులకి నిజంగానే కావాలిలెండి నూనె. ఆ తర్వాత ఒక్కరూ దారం తెంపలేదు. మనుషుల్ని కాసేపు వదలమంటే వదలరు గాని, యంత్రానికంటే ఎంత మర్యాదో!"

ముత్యాలయ్య ముద్ద కలుపుకున్నాడు. కంచం ఖాళీ చేశాడు. మజ్జిగ కూడా అడిగి పోయించుకున్నాడు.

మర్నాడు గోడౌను ఊడుస్తుండగానే వెళ్లాడు. తన ప్రోగ్రాం తెరిచి, ఫైలుని దానిలో దాన్నే వెతుక్కోమనే దారి మూసేశాడు. ఆ కమాండు తనే కొట్టి చూశాడు. తెర కూలలేదు. 'ఇది కుదరదు' అని చెప్పి, చుక్క చుక్కలాగే నిలబడింది. చుక్కని మాత్రం ముగ్గురి దగ్గర నుంచీ తీసెయ్యలేదు. తర్వాత ఇంకో నాలుగు వరసలు రాశాడు. ఆపైన మేనేజరు గదికి వెళ్లాడు.

"ఎందుకు పడుతోందో తెలిసిందండీ. ఒక కమాండుకి కూలుతోంది. ఆ దారి నేనే తెరిచి వదిలాను. మూశాను. ఇక పడదు."

మేనేజరు కళ్లజోడు తీశాడు. "ఎవరు కొట్టారు దాన్ని?"

ఇక్కడే ఉంది అంతా. పేరు చెబితే తన ప్రోగ్రాం కడిగిన ముత్యం. చెప్పకపోతే తప్పు తన నెత్తినే.

"బావికి గట్టు కట్టనివాడు, పడింది ఎవరని అడక్కూడదండీ. గట్టు నేను కట్టాల్సింది."

మేనేజరు కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ముత్యాలయ్యే మళ్లీ మాట్లాడాడు, తన జన్మలో అంత పొడుగు మాట మాట్లాడి ఎరగడు.

"ఇంకొకటి. పాము మందు కార్డు జారిపోయిన సంగతి, అంతమంది ఉండీ మనకి బండి వచ్చే దాకా తెలియలేదు. రోజులో రెండుసార్లు పని ఆపి, ఇండెక్సులు కొత్తగా కట్టి, కొట్టిన కార్డులన్నీ ఫైల్లో ఉన్నాయో లేవో సరిచూడాలి. అది ప్రోగ్రామే చేసుకుంటుంది. చేసేటప్పుడు ఎవరూ కీబోర్డు ముట్టుకోకూడదు, దగ్గర కూర్చోకపోతే మరీ మంచిది. పోయిన కార్డులు ఏవో ఏరి, ముగ్గురూ మళ్లీ కొడతారు. అది పని గంటల తర్వాత కూర్చుని కొడతామన్నారు."

ఆ ఆఖరి మాట అబద్ధం కాదు. పొద్దున గేటు దగ్గర పెద్దక్క ఎదురొచ్చి, 'జారినవన్నీ మేమే ఏరుకుంటామండీ' అని చెప్పింది.

"రెండుసార్లు చాలా?" అన్నాడు మేనేజరు. ఆ బండి ఇంకా ఆయన కళ్ల ముందు తిరుగుతూనే ఉంది.

"మూడైతే ఇంకా నయం."

"మూడే పెట్టండి. మళ్లీ పడితే మాత్రం నేనేం చెయ్యలేను."

పొద్దు పైకెక్కేసరికి మూడు తెరల మీదా పెద్ద అక్షరాలు వచ్చాయి. 'ఫైళ్లు సరిచూసుకుంటున్నాయి. ఎవరూ ముట్టుకోవద్దు.' గడియారం అది చదివి, చేతులు చాచి, కోళ్లని తోలినట్టు తోలాడు.

"లేవండి, లేవండి! చదువు రాదా? ముట్టుకోవద్దంటే కూర్చుంటారేం? కుర్చీలు వదలండి ముందు!"

"అబ్బ, కుర్చీ వదలమనే రోజు కూడా వచ్చిందా సూపర్‌వైజరు గారూ, నన్నొకసారి గిల్లండి," అంది వసపిట్ట.

సందులో బిడ్డ ఇంకా ఏడవనేలేదు. పిల్లతల్లి వెనక తలుపు దగ్గరికి వెళ్లి ఆగింది. ఆ అరుపు తలుచుకుని, అలవాటు కొద్దీ భుజాలు ముడుచుకుని, గడియ మీద చెయ్యి వేసింది.

"ఆగమ్మా," అన్నాడు ముత్యాలయ్య.

సంచిలోంచి భార్య కుట్టుమిషను నూనెడబ్బా తీశాడు. మోకాలు నొప్పిగా ఉన్నా వంగి, కింది బందుకి మూడు చుక్కలు వేశాడు. లేచి పై బందుకి వేశాడు. తుప్పు రంగు నూనె వేలి మీదుగా కారింది. తలుపు ఇటూ అటూ ఆడించాడు. ఒకసారి కిర్రుమంది, రెండోసారి మూలిగింది.

సూపర్‌వైజరు ఇదంతా చూస్తున్నాడు. ఆయనకి ఏం అర్థమైందో, ఏం కాలేదో. "నడిమి బందుకి కూడా వెయ్యండి," అన్నాడు, మొహం కార్డుల వైపు తిప్పుకుని. "అసలు అరిచేది అదే."

ముత్యాలయ్య నడిమి బందుకి నూనె వేసి, గుడ్డతో తుడిచి, పిల్లతల్లికి దారి వదిలాడు.